గంజి పెట్టిన చీరల దడి

అనగనగా ఒక ఊళ్ళో అని మొదలుపెడదామంటే, ఈ కథ సగం ఊళ్ళో జరిగింది, సగం ఏటి నడుమ జరిగింది. కాబట్టి ఇలా చెప్తాను, విను. అనగనగా గోదావరి గట్టున ఒక ఊరు. ఆ ఊరికి ఎదురుగా నీళ్ళ మధ్య ఒక లంక. ఊరి పేరు ఎదురుగట్టు. లంక పేరు ఉప్పోళ్ళ లంక.

లంక అంటే రావణుడిది కాదు నాన్నా. ఏరు మోసుకొచ్చిన ఇసక, ఒండ్రుమట్టి ఏళ్ళ తరబడి ఒకేచోట పేరుకుని దిబ్బ అవుతుంది. ఆ దిబ్బ మీద గడ్డి మొలుస్తుంది. చుట్టూ నీళ్ళు, మధ్యలో పచ్చిక. దాన్నే లంక అంటారు.

ఈ లంకలో మనుషులు లేరు. గుర్రాలు ఉండేవి. పెళ్ళి ఊరేగింపులో పెళ్ళికొడుకుని ఎక్కిస్తారే, అంత ఎత్తువి కావు. పొట్టి గుర్రాలు. నువ్వు పక్కన నిలబడితే వాటి వీపు నీ తలకి సమానంగా వస్తుంది. పొట్ట గుండ్రంగా ఉంటుంది, జూలు కళ్ళ మీద పడుతూ ఉంటుంది. కళ్ళెం ఎరగవు, జీను ఎరగవు. బుద్ధిపుట్టినప్పుడు మేస్తాయి, బుద్ధిపుట్టినప్పుడు పరిగెత్తుతాయి.

మరి అక్కడికెలా వచ్చాయి అంటావు. అదే చెప్తున్నా. వెనకటికి సముద్రపొడ్డు నుంచి కొండల్లోకి ఉప్పు మోసుకెళ్ళే వర్తకులు ఉండేవారు. అవి బళ్ళు ఎక్కలేని దారులు. అందుకని ఈ పొట్టి గుర్రాల వీపుల మీద ఉప్పు బస్తాలు వేసి నడిపించేవారు. ఒక వేసవిలో ఆ వర్తకులు ఎదురుగట్టు చేరేసరికి గుర్రాలు బాగా అలిసిపోయాయి. అప్పుడు వాళ్ళు గుర్రాల్ని లంకలోకి తోలి, ఊరివాళ్ళతో, "అయ్యా, మేం తిరిగొచ్చేదాకా వీటిని కాస్త కనిపెట్టుకుని ఉండండి" అన్నారు.

ఊరివాళ్ళు సరేనన్నారు. ఆ వర్తకులు మళ్ళీ రాలేదు. వాళ్ళకేమయిందో ఎవరికీ తెలీదు. సరేనన్న తాతలు పోయారు, వాళ్ళ మనవలు తాతలయ్యారు. ఇచ్చిన మాట మాత్రం అలాగే ఉంది. ఆ గుర్రాల్ని ఎవరూ అమ్మలేదు, బండికి కట్టలేదు, సరదాకి కూడా ఎక్కి తిరగలేదు. "మనవి కావు కదా. వాళ్ళొచ్చి అడిగితే ఒప్పజెప్పాలి కదా" అనేవారు. ఎలాంటి మనుషులో చూడు. అడిగేవాడు లేకపోయినా అప్పగింత మర్చిపోలేదు.

కనిపెట్టుకోవడం అంటే ఊరికే గట్టు మీద కూచుని చూడ్డం కాదు. వానలు మొదలయ్యాక ఎగువ నుంచి ఎర్రనీరు వస్తుంది. ఎర్రనీరు అంటే కొండల మట్టి కలిసిన కొత్త వరద. అది వచ్చిందంటే లంక మునుగుతుంది. అందుకని ఏటా మృగశిర కార్తెలో, ఎర్రనీటికి ముందే, ఊరంతా కలిసి గుర్రాల్ని ఇవతలి గట్టుకి దాటించేవారు. దసరా నాటికి ఏరు తగ్గాక మళ్ళీ లంకకి పంపేసేవారు. ఆ పనికి దాటింపు అని పేరు.

దాటింపు ఎలా చేసేవారో తెలుసా? తాడు వేయరు. కర్ర ఎత్తరు. గొంతు కూడా ఎత్తరు. ఇంటికొక పాత చీర తెచ్చి, చీరకి చీర ముడివేసి, పొడవాటి దడి తయారుచేస్తారు. దడి అంటే కంచె. మన వైపు తాటాకులతో కడతారు, వాళ్ళు చీరలతో కట్టేవారు. పడవల్లో లంక అవతలి కొసకి వెళ్ళి, ఆ చీరల దడిని అందరూ వరసగా నిలబడి పట్టుకుని, మెల్లగా ఇవతలికి నడుస్తారు. ఒక్క గంతు వేస్తే గుర్రం దాన్ని చించుకు పోగలదు. కానీ ఆ సంగతి గుర్రానికి తెలీదు. దాని కంటికి అది గోడ. గోడ కదిలొస్తుంటే అవి జరుగుతాయి. అలా జరిగి జరిగి రేవులోకి వస్తాయి.

రేవులో ఒక మనిషి నీళ్ళలో నిలబడి ఉంటుంది. ఆమెని ముందుమనిషి అంటారు. ఆమె ముందు నడుస్తుంది. ఆమె వెనక మందకి పెద్దయిన ఆడగుర్రం, దాని వెనక మిగతా మంద. ముందుమనిషికి ఒకటే నియమం. వెనక్కి తిరిగి చూడకూడదు. ఎందుకంటే, మనం వీపు పెట్టి నడిస్తే గుర్రం వెంట వస్తుంది. మొహం పెట్టి చూశామా, ఆగమన్నారని ఆగిపోతుంది. నడి ఏట్లో ఆగితే పిల్లగుర్రాలు కొట్టుకుపోతాయి.

చాలా ఏళ్ళ పాటు ముందుమనిషి తలుపులమ్మే. సన్నగా చువ్వలా ఉండేది. మాట కరుకు, అడుగు నెమ్మది. ఆ ఏడు ఆమె మోకాళ్ళు మొరాయించాయి. అప్పుడు కోడల్ని పిలిచింది.

కోడలి పేరు చంద్రకాంతం. కొత్తగా కాపురానికొచ్చింది. మెట్ట ఊరి పిల్ల. ఏరంటే భయం లేదు గానీ అత్తగారంటే కొంచెం ఉంది.

"అమ్మాయ్, ఈ ఏడు నువ్వే దిగాలి. దడి చీరలు కూడా నువ్వే పోగుచేసుకో" అంది తలుపులమ్మ.

"అలాగే అత్తయ్యా" అంది చంద్రకాంతం. బయటికి అంతే అంది. లోపల మాత్రం గుండె తాంబాళంలా మోగింది. ఊరంతటికీ ముందు నడిచే పని తనకి దక్కింది మరి.

ఆ కబురు పుట్టింటికి కూడా వెళ్ళింది. వాళ్ళమ్మ వీరాయమ్మ, "మా అమ్మాయి గుర్రాల్ని దాటిస్తోందంట, చూడాలి" అని చుట్టాల్ని వెంటేసుకుని బయల్దేరింది. అప్పుడు చంద్రకాంతం ఇల్లిల్లూ తిరిగి చీరలు పోగుచేసింది. పోగేసి చూసుకుంటే ఆమెకి మొహం మాడిపోయింది. ఒకటి నలిగి ముద్దలా ఉంది. ఒకటి వంటింటి మసితో నల్లబడింది. ఒకటి పసిపిల్లల పక్కలో వేసిన చీర, వాసన కూడా అదే.

"ఈ గుడ్డలు పట్టుకుని మా అమ్మ ముందు నడవాలా" అనుకుంది.

అందుకని ఆ చీరలన్నీ రేవుకి మోసుకెళ్ళి ఉతికింది. ఉతికాక గంజి పెడితే నిలబడతాయి కదా అని తోచింది. నీ ఇస్కూలు చొక్కాకి పెడతానే, అదే గంజి. అంత గంజి ఎక్కడ దొరుకుతుంది? గట్టు మీద, దాటొచ్చిన గుర్రాల్ని ఉంచే దొడ్డి పక్కన, పెద్ద కాగులో ఉంది. ఇంటింటి అన్నం వార్చిన గంజి అందులో పోసి, దండిగా ఉప్పేసి ఉంచుతారు, దాటొచ్చిన గుర్రాలకి తాగించడానికి. ఉప్పు మోసిన గుర్రాల సంతతి కదా, వాటికి ఉప్పంటే ప్రాణం. ఏడాదికొకసారి దొరికే ఆ ఉప్పుగంజి వాటికి పండగ. 

చంద్రకాంతం ఆ కాగులోంచి కాస్త గంజి ముంచుకుంది. కాస్తే కదా అనుకుంది. చీరలన్నీ అందులో ముంచి, పిండి, ఇసకలో ఆరేసింది. తనకి వాళ్ళమ్మ పెట్టిన ఆకుపచ్చ నేతచీర కూడా ముంచి, అది తను కట్టుకోవడానికని పక్కన ఆరేసుకుంది. అన్నీ ఆరాక పెళపెళలాడుతూ, రేకుల్లా నిలబడ్డాయి. చూడ్డానికి ఎంతో ముచ్చటగా ఉన్నాయి.

తప్పెక్కడ జరిగిందో నీకు ఈపాటికి తెలిసిపోయింది. ఆమెకి ఇంకా తెలీలేదు.

తెల్లారింది. పడవలు అవతలి కొసకి చేరాయి. చీరలు ముడిపడ్డాయి. ఎరుపు, పసుపు, నీలం, వంగపండు రంగు, ఎండలో మెరిసిపోతున్నాయి. గట్టు మీద ముక్కాలిపీట వేసుకుని తలుపులమ్మ కూచుంది. ఆమె పక్కన వీరాయమ్మ, చుట్టాలు. చంద్రకాంతం మాత్రం దడి ఎలా కదులుతుందో దగ్గరుండి చూసి, తర్వాత రేవులోకి పోదామని దడి వెంట నడిచింది.

దడి కదిలింది. గుర్రాలు తలలెత్తి చూశాయి. మందకి పెద్ద ఒక ముదురు గోధుమరంగు ఆడగుర్రం. చింతపిక్కలా నిగనిగలాడుతుందని దాన్ని చింతపిక్క అనే పిలిచేవారు. దాని వెనకే దాని కూన, లేతపసుపు రంగుది. దాని పేరు జున్ను.

గాలి దడి మీదుగా గుర్రాల వైపు వీచింది. అప్పుడు చింతపిక్క ముక్కుపుటాలు విప్పింది. రెండు చెవులూ ముందుకి నిక్కించింది. రేవు వైపు వెళ్ళాల్సింది, గిరుక్కున తిరిగి నేరుగా దడి దగ్గరికి నడిచొచ్చింది. వచ్చి, ఒక పసుపు చీరని నాలికతో ఒక్కసారి నాకి చూసింది. ఆ తర్వాత నోటినిండా పట్టుకుని నమలడం మొదలుపెట్టింది.

అది చూసి మందంతా వచ్చింది. పంక్తి భోజనానికి కూచున్నట్టు దడి పొడుగునా నిలబడి చీరలు నమిలేస్తున్నాయి. 

"ఒసేయ్, అది మా అత్తది. మళ్ళీ ఇచ్చెయ్యాలి" అంటూ ఒకామె ఇటు లాగుతోంది. గుర్రం అటు లాగుతోంది. ఇంకొకామె చీర సగం పోయి, అంచు మాత్రం చేతిలో మిగిలింది. 

"వదినా" అన్నాడు చంద్రకాంతం మరిది ఏడుకొండలు. ఒట్టి గడుగ్గాయి, నోటికి అడ్డూ ఆపూ లేదు. "దడి కట్టమంటే విస్తళ్ళు వేశావా? కాస్త పచ్చడి కూడా పూయించాల్సింది."

చంద్రకాంతం ఒక చీర చెంగు నోట్లో పెట్టుకుని చూసింది. ఉప్పగా తగిలింది. అప్పుడామెకి కాగు గుర్తొచ్చింది, దొడ్డి గుర్తొచ్చింది, చేసిన పని తెలిసొచ్చింది. ఆమె మొహం ఎలా అయిందో నేను చెప్పక్కర్లేదు. గట్టు వైపు చూడలేకపోయింది.

అంతలో ఏడుకొండలు తన ఈడువాళ్ళని వెంటేసుకుని పడవలో నీళ్ళు తోడే నూనెడబ్బాలు తెచ్చాడు. "నువ్వు పక్కకుండు వదినా, చిటికెలో తోలేస్తాం" అన్నాడు. "వద్దురా, చప్పుడు చెయ్యకూడదంట" అని ఆమె అంటూనే ఉంది. వాళ్ళు డబ్బాల మీద దబదబా వాయించారు.

ఎప్పుడూ ఆ చప్పుడు ఎరగని గుర్రాలు. చీరలు నోట్లో పెట్టుకునే పరుగు లంకించుకున్నాయి. రేవు వైపు కాదు, లంక దిగువ కొసకి, రెల్లు దుబ్బుల్లోకి. మనిషికి మించిన ఎత్తు రెల్లు అది. అందులో దూరితే ఎక్కడేముందో తెలీదు. దడి ముక్కలు ముక్కలై ఇసకలో పడింది. ఏడుకొండలు డబ్బా కింద పెట్టి తల గోక్కున్నాడు.

సరిగ్గా అప్పుడే పడవ దగ్గరున్న ఒక పెద్దాయన నీళ్ళలో చెయ్యి ముంచి, దోసిలి ఎత్తి చూపించాడు. దోసిట్లో నీళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. పొద్దుగూకేసరికి రేవు లోతైపోతుంది. తెల్లారేసరికి లంక మీద గడ్డి కొసలు కూడా కనబడవు. తాతల నాడు అప్పగించిన మంద, ఇన్నేళ్ళు కంటికి రెప్పలా కాచిన మంద, ఒక కొత్తకోడలు పుట్టింటివాళ్ళ ముందు మెరిసిపోదామని చేసిన పనివల్ల ఏటిపాలవుతుంది.  

చంద్రకాంతం ఇసకలో చతికిలబడింది. కన్నీళ్ళు రాబోతున్నాయి. కొంగుతో తుడుచుకుందామని కొంగు ఎత్తింది. అది పెళపెళమంది. ఆమె చెయ్యి అక్కడే ఆగింది.

గుర్రాలు దడిని చూసి పారిపోలేదు కదా, దడి దగ్గరికే వచ్చాయి కదా. వెనక నుంచి తోలాల్సిన వాటికి వెనక నుంచి రుచి చూపించాను, అందుకని వెనక్కొచ్చాయి. అదే రుచి ముందుంటే? అని తోచింది ఆమెకి.

నువ్వు తెలివైనవాడివి కాబట్టి, కుండ నిండా గంజి పట్టుకెళ్ళొచ్చు కదా అమ్మమ్మా అంటావు. వాళ్ళలో ఒకరు అన్నారు కూడా. చంద్రకాంతం తల అడ్డంగా ఊపింది. గట్టుకెళ్ళి కుండ తెచ్చేలోపు ఏరు ఆగదు. కుండ మోస్తే రెండు చేతులూ పోతాయి, నీళ్ళలో లోతు చూసుకోవడానికి ఒక చేత్తో కర్ర పట్టుకోవాలి. పైగా కుండలో గంజి గుర్రానికి ఒక్క పీల్పు. గుడ్డకి పట్టిన ఉప్పయితే చప్పరించేకొద్దీ వస్తూనే ఉంటుంది.

"మీరంతా దూరంగా, వెనకాల రండి" అంది ఆమె. "చేతిలో ఏమీ వద్దు. మాట వద్దు." 

"మరి నేను?" అన్నాడు ఏడుకొండలు.

"నువ్వు ముఖ్యంగా మాట్లాడకు" అంది.

ఆ తర్వాత ఆమె ఒంటరిగా రెల్లు దాకా వెళ్ళింది. రెల్లుకి వీపు పెట్టి కూచుంది. ఆకుపచ్చ చీర కొంగు భుజం మీంచి వెనక్కి వదిలింది. కూచుంది కూచున్నట్టే ఉంది. ఈగలు వాలాయి, తోలుకోలేదు. రెల్లు గలగలమంది, తిరగలేదు. 

కాసేపటికి మెడ మీద వెచ్చటి ఊపిరి తగిలింది. ఆ తర్వాత కొంగు చివర తేమగా, మెత్తగా ఒక లాగుడు. చింతపిక్క వచ్చింది.

చంద్రకాంతం నెమ్మదిగా లేచింది. ఒక అడుగు వేసింది. కొంగు బిగిసింది, మళ్ళీ వదులైంది. అంటే వెనక కూడా ఒక అడుగు పడింది. అలా లంక పొడుగునా నడిచింది. రెల్లులోంచి ఒక్కొక్క గుర్రమే బయటపడి చింతపిక్క వెనక చేరింది. వాటి వెనక, ఎంతో దూరంగా, ఊరి జనం ఒట్టి చేతులతో నడుస్తున్నారు. దడి లేదు. కర్ర లేదు. ఎవరి నోటా మాట లేదు. అంతమంది అంత నిశ్శబ్దంగా నడవడం నువ్వెప్పుడైనా చూశావా? నేను బళ్ళో పాఠాలు చెప్పే రోజుల్లో, నలభై మంది ఉన్న మా క్లాసులో కూడా చూడలేదు.

రేవు వచ్చింది. నీళ్ళు అప్పటికే టీరంగులో తిరుగుతున్నాయి. ఆమె ఒడ్డున గుచ్చి ఉంచిన కర్ర అందుకుని, దాంతో లోతు చూసుకుంటూ దిగింది. మోకాలి లోతు. నడుం లోతు. కొంగు తడవకుండా తల మీద నుంచి వేసుకుంది, చింతపిక్క దాని చివర పట్టుకుని వెనకే వస్తోంది. వెనక మంద దిగుతున్న చప్పుడు వినబడింది. దబ్, దబ్, దబ్. 

రొమ్ము లోతు వచ్చింది. ఏటికి సరిగ్గా నడుమ.

అక్కడ కొంగు వదులైపోయింది.

ఒక అడుగు వేసి చూసింది. బిగుసుకోలేదు. ఇంకో అడుగు వేసింది. లేదు. వెనక ఎక్కడో చింతపిక్క సకిలించింది. దానికి జవాబుగా, చాలా దూరం నుంచి, సన్నటి గొంతు. అది జున్ను. కూన రేవులోనే నిలబడిపోయి నీళ్ళలోకి దిగనంటోంది. తల్లి దానికోసం ఆగింది.

ఇప్పుడు తిరిగి చూస్తే మంద మొత్తం ఆగిపోతుంది. చూడకుండా ముందుకి పోతే చింతపిక్క వెనక్కి పోతుంది, దానితో అన్నీ పోతాయి. చంద్రకాంతం ఏం చేసిందో తెలుసా? ఏమీ చేయలేదు. నిలబడింది. ఎర్రనీళ్ళు ఆమెని పక్కకి తోస్తున్నాయి. కర్ర గట్టిగా నాటి, కాలివేళ్ళు ఇసకలో గుచ్చి నిలబడింది. ఎదురుగా గట్టు మీద ఉన్న అత్తగారిని చూసింది. 

తనకి కనబడనిదంతా ఆమెకి కనబడుతోంది కదా.

తలుపులమ్మ ముక్కాలిపీట మీంచి లేచి నిలబడి ఉంది, మోకాళ్ళ సంగతి మర్చిపోయి. కుడిచెయ్యి చాపి, అరచెయ్యి కిందికి పెట్టి, కదలకుండా ఉంచింది. ఆగు, అని. పక్కన వీరాయమ్మ, నీళ్ళలో కూతుర్ని చూడలేక, "అమ్మాయీ, వచ్చెయ్యవే" అని అరవబోయింది. తలుపులమ్మ ఎడమచేత్తో వియ్యపురాలి నోరు మూసేసింది. కుడిచెయ్యి మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు.

చంద్రకాంతం ఆ చేతినే చూస్తూ నిలబడింది. నీళ్ళు భుజాల దాకా వచ్చాయి. ఒకసారి కాలి కింద ఇసక జారింది, మళ్ళీ నిలదొక్కుకుంది. ఎంతసేపు నిలబడిందో ఆమె ఎప్పుడూ చెప్పలేకపోయింది. అత్తగారి చెయ్యి తప్ప ఏమీ గుర్తులేదనేది.

అవతల ఏం జరిగిందంటే, రేవులో నిలబడ్డ జనంలో ఎవరూ కూనని నెట్టలేదు. ఏడుకొండలుకి చేతులు దురద పెట్టాయిగానీ, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని బుద్ధిగా ఉన్నాడు. తల్లి మళ్ళీ పిలిచింది. జున్ను ఒక కాలు నీళ్ళలో పెట్టి, తీసేసింది. తల్లి ఇంకోసారి పిలిచింది. అప్పుడు జున్ను కళ్ళు మూసుకున్నట్టు తల ఎత్తేసి, దబ్బున దూకింది.

గట్టు మీద తలుపులమ్మ అరచెయ్యి తిరిగింది. వేళ్ళు మెల్లగా ముడుచుకున్నాయి. రా, అని.

చంద్రకాంతం అడుగు వేసింది. ఒకటి. రెండు. కొంగు ఒక్కసారి బిగిసింది. ఎంత గట్టిగా అంటే, ఆమె మెడ వెనక్కి లాగేసినంత. ఆ లాగుడంత హాయి ఆమెకి జన్మలో తగల్లేదు.

ఆ తర్వాత గట్టు. గట్టెక్కాక కూడా దొడ్డి దాకా తిరగలేదు. దొడ్డిలోకి నడిచి, కాగు పక్కన ఆగి, అప్పుడు తిరిగింది. చింతపిక్క, దాని వెనక మంద, అన్నిటికంటే వెనక తడిసిన పిల్లిపిల్లలా జున్ను. ఒక్కటీ తగ్గలేదు.

ఆ సాయంత్రం ఊరి పని చూడాల్సిందే. ఇంటికొకరు దొడ్డిలోకి వచ్చారు. మగవాళ్ళు పెరిగిన గిట్టలు చెక్కి నున్నచేశారు. గిట్ట అంటే గుర్రానికి గోరు లాంటిది, పెరిగిపోతే నడవలేదు. ఆడవాళ్ళు కొబ్బరిపీచుతో ఒళ్ళు రుద్ది, జూలులో చిక్కుకున్న ఉత్తరేణి గింజలు ఓపిగ్గా ఏరారు. పిడుదులు పట్టిన చోట వేపనూనె రాశారు. రెల్లు కోసిన గాట్లకి పసుపు అద్దారు. తమవి కాని గుర్రాలకి, తమ బిడ్డలకి తలంటినంత శ్రద్ధగా చేశారు. డబ్బాలు వాయించిన ఏడుకొండలు, ఎవరూ చెప్పకుండానే, జున్ను కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని తుడుస్తూ కూచున్నాడు.

చంద్రకాంతం చీర కొంగు జానెడు మేర లేదు. ఉన్నంతమేర పచ్చగా, జిగురుగా, నమిలిన తమలపాకులా ఉంది. 

"నేను పెట్టిన చీరండీ వదినగారూ" అంది వీరాయమ్మ దిగాలుగా. "నేతవాళ్ళ దగ్గర కూచుని మరీ నేయించాను."

"మంచి చీరే వదినగారూ" అంది తలుపులమ్మ. "నాసి చీరయితే నడి ఏట్లోనే తెగిపోయేది."

ఆ తర్వాత తలుపులమ్మ కోడలి వైపు తిరిగింది. చంద్రకాంతం తలొంచుకుంది. కాగులో గంజి ముట్టుకున్నందుకు, చీరలు పాడైనందుకు, ఇప్పుడు పడతాయి అక్షింతలు అనుకుంది.

తలుపులమ్మ ఆ నమిలిన కొంగు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"గంజి పల్చగా పెట్టావు" అంది. "వచ్చే ఏడు చిక్కగా పెట్టు." 

అంతే. అని, తన పొడి చీర తెచ్చి కోడలి భుజాల మీద కప్పింది.

దసరాకి ఏరు తగ్గింది. గుర్రాలు మళ్ళీ లంకకి వెళ్ళిపోయాయి, జున్ను ఈసారి తల్లికంటే ముందు దూకింది. అప్పటి నుంచి ఎదురుగట్టులో ఒక కొత్త పద్ధతి వచ్చింది. దడికి పాత మెత్తటి చీరలే కడతారు, ఉతికినవి, గంజి లేనివి. ముందుమనిషి కట్టుకునే చీరకి మాత్రం ఉప్పుగంజి పెడతారు, చిక్కగా. ఆ ఊరి ఆడపిల్లని పెళ్ళికి చూడ్డానికి వెళ్తే, పెట్టెలో కొంగు నమిలిన చీర ఉందా లేదా అని సరదాకి అడుగుతారు. ఉంటే ఆ ఇంటివాళ్ళు గట్టివాళ్ళని లెక్క.

ఉప్పు వర్తకులు వచ్చారా అంటావా? ఇంకా రాలేదు నాన్నా. వస్తే ఒప్పజెప్తారు. గిట్టలు నున్నగా, జూలు చిక్కు లేకుండా, ఒక్కటీ తగ్గకుండా ఒప్పజెప్తారు. ఏటా పెరిగిన కూనలతో సహా.

ఇటు తిరుగు. దుప్పటి మొహం మీంచి తియ్యి. వీపు మీద జోకొడతాను, నాతో పాటు అను.

ఉప్పు గంజికి, గంజి చీరకి,
చీర గుర్రానికి, గుర్రం గట్టుకి,
వరద కడలికి, కూన తల్లికి,
కథ కంచికి, కన్ను నిద్దరకి.